ఈసుకుపోవు రోగం ఏ దారిన వస్తుంది, మనుషులకు ఎలా అంటుతుంది: శ్రీకాకుళం, విజయనగరం పశుపోషకులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈసుకుపోవు రోగం, బ్రూసెల్లోసిస్ ఒకటేనా?

డాక్టర్లు బ్రూసెల్లోసిస్ అనేదాన్నే మన ఊళ్లలో ఈసుకుపోవు రోగం అంటారు. అయితే చూడి పశువు ఈసుకుపోయిన ప్రతిసారీ అది ఇదే రోగం అనుకోకూడదు. కొమ్ముపోటు తగిలినా, విషపు మేత తిన్నా, లెప్టోస్పైరోసిస్ లాంటి ఇతర సూక్ష్మజీవుల వల్లా చూలు పోతుంది. చూడి 5 నెలలు దాటాక, ముఖ్యంగా 7, 8 నెలల్లో పోతే, ఆ వెంట మాయ పడకుండా ఆగిపోతే, పడిన మాయ మందంగా తోలులా ఉండి మధ్య మధ్య పసుపు రంగు చీములాంటి పొర కనిపిస్తే మొదట అనుమానించాల్సింది మాత్రం దీన్నే. ఆంబోతుల్లో, దున్నపోతుల్లో వృషణం వాస్తుంది. పాతబడ్డ కేసుల్లో ముందుకాళ్ల మోకాళ్ల మీద నీటి బుడ్డలా వాపు దిగుతుంది.

రైతును ఎక్కువగా మోసం చేసేది మరొకటుంది. రోగం ఉన్న పశువు మామూలుగా ఒక్కసారే ఈసుకుపోతుంది. మరుసటి చూలు నెలలు నిండి ఈనుతుంది, దూడ బాగానే ఉంటుంది, పాలూ ఇస్తుంది. రోగం పోయిందనుకుంటాం. ఆ ఈతలో కూడా ఉమ్మనీటిలో, మాయలో, పాలలో సూక్ష్మజీవి బయటికి వస్తూనే ఉంటుంది.

ఏ పశువుకు ఏ రకం వస్తుంది?

ఆవు, గేదెల్లో ఎక్కువగా బ్రూసెల్లా అబార్టస్. మేక, గొర్రెల్లో బ్రూసెల్లా మెలిటెన్సిస్. పందుల్లో సూయిస్. మనిషిని ఎక్కువగా కుంగదీసేది మేకలు, గొర్రెల రకం. ఒకే శాలలో ఒక మూల గేదెను, మరో మూల మేకలను కట్టేసే ఇళ్లు మన దగ్గర బోలెడు. అలాంటిచోట మేకల రకం గేదెకు ఎక్కి, అక్కడి నుంచి పాలలోకి వస్తుంది.

మా ఊళ్లో ఉంది, పక్క ఊళ్లో లేదు, 40 కిలోమీటర్ల అవతల ఊళ్లో మళ్లీ ఉంది. ఇదేం లెక్క?

గాలికుంటుతో (నోట్లో, గిట్టల మధ్య పుండ్లు వేసే అంటురోగం) పోల్చి చూస్తే తెలుస్తుంది. గాలికుంటు వస్తే రోజుల్లో ఊరు ఊరంతా, ఆపైన పక్క ఊరూ పాకిపోతుంది. పటం మీద నూనె మరకలా పరుచుకుంటుంది. ఈసుకుపోవు రోగం అలా పరుచుకోదు, విడివిడి చుక్కలుగా పడుతుంది. గాలిలో దూరాలు పోయే గుణం దీనికి లేదు. పశువు నడిస్తేనో, వ్యాను ఎక్కితేనో తప్ప ఇది పొలిమేర దాటదు.

దూరాన్ని బట్టి దారులు మారతాయి. శాల లోపల అయితే ఈసుకుపోయిన పిండాన్ని, మాయను, తడిసిన గడ్డిని పక్క పశువు నాకడం, ఆ నేల మీది మేత తినడం ప్రధానం. వీధి దాటాలంటే కుక్క కావాలి. మాయను నోట కరుచుకుని నాలుగు ఇళ్ల అవతలి కళ్లంలో పడేస్తుంది. ఊరుమ్మడి చెరువు గట్టు, బీడు కూడా ఈ దూరంలోవే. ఇక పదుల కిలోమీటర్లు దాటించేది సంత, బేరగాడు, గొర్రెల మంద.

అలమండ, నారాయణవలస లాంటి పశువుల సంతలకు చుట్టుపక్కల మండలాల నుంచే కాక దూరం నుంచి కూడా పశువులు వస్తాయి. ఒడిశా సరిహద్దు మనకు గోడేమీ కాదు. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు పశువులు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. సంతలో ఒక పూట పక్కపక్కన నిలబడినంత మాత్రాన రోగం అంటుకునే అవకాశం తక్కువే. అసలు ముప్పు, ఈసుకుపోయి ‘నిలకడగా ఈనని గేదె’ అనిపించుకున్న పశువును యజమాని వదిలించుకోవడానికి సంతకు తోలడం, దాన్ని మరో ఊరి రైతు ‘చూడితో ఉంది’ అని కొనుక్కుపోవడం. మూడు నెలలకు ఆ కొత్త శాలలో అది ఈసుకుపోతుంది, లేదా ఈనుతుంది. పటం మీద కొత్త చుక్క పడేది ఆ రోజున. అందుకే ఒక ఊళ్లో కేసు తేలితే చుట్టుపక్కల ఊళ్ల పేర్లు రాసుకునే ముందు ‘ఈ పశువును ఎక్కడ కొన్నారు, దీనితోపాటు అదే ఇంటి నుంచి ఇంకేవి ఎవరికి పోయాయి’ అని అడగాలి.

మన జిల్లాల్లో తీరానికి, మైదానానికి, ఏజెన్సీకి తేడా ఉంటుందా?

పెంపకం తీరు వేరు కాబట్టి రోగం కదిలే తీరూ వేరుగానే ఉంటుంది. తీరప్రాంత మండలాల్లో ఇంటికి ఒకటి రెండు పశువులు. రోగం వచ్చినా ఆ ఇంటితో ఆగే అవకాశం ఎక్కువ, కానీ ఆ ఇంటి మనిషికి అంటితే ఎవరూ గమనించరు. పాల కేంద్రాలను నమ్ముకుని పది, ఇరవై సంకరజాతి ఆవులు, ముర్రా గేదెలు పెట్టిన మైదానపు డెయిరీల్లో తరచూ కొనుగోలు, ఒకే కప్పు కింద ఈతలు. ఒక్క పశువు ఈసుకుపోతే ఏడాదిలో మరో నాలుగైదు అదే దారిన పోవడం ఇలాంటిచోటే చూస్తాం. సీతంపేట, సాలూరు వైపు కొండల్లో (2022 ఏప్రిల్ 4 నుంచి ఇవి పార్వతీపురం మన్యం జిల్లాలోవి) పశువులు అడవిలో తిరిగి మేస్తాయి, చాలావరకు అక్కడే ఈనుతాయి. ఎండలో పడిన మాయలో సూక్ష్మజీవి గంటల్లో చస్తుంది. చెట్టు నీడలో, తడి ఆకుల కింద అయితే వారాలు, చల్లని వాతావరణంలో నెలలు కూడా బతుకుతుంది.

పటాల గురించి ఒక హెచ్చరిక. రోగం ఎక్కడుందో కాక, పరీక్ష ఎక్కడ చేశారో చూపించే పటాలే ఎక్కువ. ల్యాబ్‌కు దగ్గరగా ఉన్న మండలాల్లో చుక్కలు గుత్తులుగా కనిపిస్తాయి, నమూనా పంపని మండలం తెల్లగా ఉంటుంది. తెల్లగా ఉన్నచోట రోగం లేదనుకోకూడదు. మరో తేడా కూడా చూడాలి. ‘నూటికి ఇన్ని పశువులు పాజిటివ్’ అన్న లెక్కలో ఎప్పుడో రోగం సోకి, దానితో పోరాడటానికి ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాలు రక్తంలో మిగిలినవీ, టీకా వేసుకున్నవీ కలిసిపోయి ఉండొచ్చు. అలాంటి అంకె కనిపిస్తే ఏ వయసు పశువులు, ఏ పరీక్ష, టీకా చరిత్ర అడిగారా లేదా అని చూడకుండా నమ్మొద్దు.

విదేశాల్లో పాల వల్ల ఊళ్లకు ఊళ్లు జబ్బుపడ్డాయంటారు. ఇక్కడ అలా ఎందుకు లేదు?

కాచుకుని తాగే అలవాటు వల్ల. ఈ సూక్ష్మజీవిని డేవిడ్ బ్రూస్ 1887లో మాల్టా దీవిలో, జ్వరంతో చనిపోయిన సైనికుల ప్లీహంలో కనిపెట్టాడు. అది మేకల్లో ఉందని థెమిస్టోక్లీస్ జామిట్ 1905లో తేల్చాడు. చూడటానికి ఆరోగ్యంగా ఉన్న మేకల పచ్చిపాలు తాగే సైనికులకు మరుసటి ఏడాది ఆ పాలు ఆపగానే జ్వరాలు తగ్గిపోయాయి. పచ్చిపాలతో చేసిన చీజ్ తినే మధ్యధరా, పశ్చిమాసియా దేశాల్లో పశువును ముట్టని పట్నవాసికి కూడా ఈ జ్వరం వస్తుంది. అక్కడ రోగం పాలబండి వెంట పోతుంది.

మన ఇళ్లలో పాలు పొంగించనిదే పొయ్యి దించరు. కాబట్టి ఇక్కడ రోగులు దొరికేది ఎక్కువగా పని దారిలోనే. శాల ఊడ్చే ఆడవాళ్లు, గొర్రెల కాపరులు, చెయ్యి పెట్టి మాయ తీసేవాళ్లు, కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలు, పశువైద్యులు, మాంసం కొట్టేవాళ్లు. ఒక ఇంట్లో ఐదుగురూ అవే పాలు తాగుతారు, జ్వరం మాత్రం శాల చూసే ఒక్కరికే వస్తుంది. డాక్టర్ ‘ఇంట్లో ఇంకెవరికైనా ఉందా’ అని అడిగితే లేదనే చెబుతారు, దాంతో అనుమానం అక్కడితో పోతుంది.

పశువు ఇప్పుడే ఈసుకుపోయింది. వెంటనే ఏం చేయాలి?

ముందు మిగతా పశువులను, కుక్కలను, పిల్లలను అక్కడి నుంచి తప్పించండి. చూడి పశువులు మొదట కదలాలి. గర్భిణులు ఆ శాల దరిదాపులకు రాకూడదు. పిండాన్ని వట్టి చేత్తో ముట్టొద్దు. మోచేతి దాకా వచ్చే రబ్బరు తొడుగులు ఉంటే సరే, లేకపోతే మందపాటి ప్లాస్టిక్ సంచులను రెండు పొరలుగా చేతికి కట్టుకోండి. ముక్కుకు, నోటికి గుడ్డ కాకుండా మాస్క్, కళ్లకు అద్దాలు. చేతి మీద గీరుకుపోయిన గాయం, కంటిలో పడ్డ తుంపర, ఊపిరితో పీల్చిన తుంపర, ఈ మూడూ సూక్ష్మజీవికి తలుపులే. మాయ ముక్కలో అది కోట్లకొద్దీ ఉంటుంది, మనిషికి జబ్బు రావడానికి కొన్ని పదులు చాలు.

పూడ్చేముందే రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి గాని, పశువైద్యుడికి గాని చెప్పండి. నమూనా తీసుకునే అవకాశం ఆ కొన్ని గంటలే. పిండం పొట్టలోని ద్రవం, మాయ ముక్క, తల్లి రక్తం తీసుకుని ఐస్ పెట్టెలో జిల్లా పశు వ్యాధి నిర్ధారణ ల్యాబ్‌కు పంపుతారు. నమూనా మీరే తీయబోవద్దు.

ఆ తర్వాత గొయ్యి. కనీసం 4 అడుగుల లోతు, బావికి, బోరుకు, చెరువుకు దూరంగా, నీరు నిలవని మెరక మీద. అడుగున సున్నం, దాని మీద పిండం, మాయ, తడిసిన గడ్డి, పైన మళ్లీ సున్నం, ఆపైన మట్టి. గొయ్యి మీద ముళ్లకంప, బరువైన రాళ్లు. రాళ్లు లేని గొయ్యిని కుక్క రాత్రికి తవ్వేస్తుంది, చేసిన పని అంతా వృథా.

శాల నేల కడగడంలో జరిగే తప్పు ఒక్కటే. పేడ, నెత్తురు ఉన్న నేల మీద నేరుగా మందు చల్లుతారు. పేడలో బ్లీచింగ్ బలం చచ్చిపోతుంది. ముందు గడ్డి తీసి కాల్చాలి, పేడ గీకాలి, ఆ తర్వాత లీటరు నీటికి 30 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ చొప్పున కలిపి నేల తడిసిపోయేలా పోసి అరగంట వదలాలి. డబ్బా తెరిచి నెలలైన, ముద్దకట్టిన బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ పోయి ఉంటుంది, కొత్తది వాడండి. మట్టినేల అయితే పైపొర 2, 3 అంగుళాలు చెక్కి అదే గొయ్యిలో వేసి, మిగిలిన నేల మీద సున్నం చల్లడం మేలు. ఆ శాల గత్తాన్ని పొలానికి తోలకుండా సున్నం కలిపి కుప్పపోసి, మీద కప్పి ఆరు నెలలైనా మాగనివ్వండి.

ఈసుకుపోయిన పశువుకు 2, 3 వారాలు మైల కారుతూనే ఉంటుంది. నెల రోజులు వేరే కట్టురాటకు, వేరే తొట్టికి మార్చండి. దాని పాలు ఆఖరున పితకండి.

మాయను గడ్డిలో చుట్టి మర్రిచెట్టుకు కట్టే ఆచారం ఉంది. తప్పా?

పాలుకారే చెట్టుకు కడితే పశువుకు పాలు పడతాయన్న నమ్మకంతో చేసేది. ఎండ తగిలే కొమ్మకు ఎత్తుగా కడితే అదంతా ఎండి ముక్కై సూక్ష్మజీవి చస్తుందేమో గాని, దారిలో కారిన ఉమ్మనీరు, మోసుకుపోయిన చేతులు, కాకి లాగి కింద పడేసిన ముక్క వల్ల ఆ మేలు దక్కదు. మర్రినీడ కింద ఊరి పశువులన్నీ మధ్యాహ్నం నెమరేసేది కూడా అక్కడే. ఆరోగ్యంగా ఈనిన పశువు మాయనైనా పూడ్చడమే సరైనది. ఆచారం వదులుకోలేకపోతే మాయను పూడ్చి, చెట్టుకు వట్టి గడ్డిచుట్ట కట్టండి.

మాయ పడకపోతే చెయ్యి పెట్టి లాగేవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. పిలవొచ్చా?

వద్దు. మనిషికి ఈ రోగం అంటుకునే దారుల్లో ఇదే మొదటిది. పశువుకు కూడా గర్భసంచి చిరిగి, చీముపట్టి మళ్లీ చూలు కట్టకపోవడం దీనివల్లే ఎక్కువ. వేలాడే మాయకు చెప్పు, రాయి కట్టి బరువు వేయడం కూడా మానాలి.

పాలు, పెరుగు, జున్ను సంగతి?

పొంగు వచ్చాక మంట తగ్గించి మరో రెండు నిమిషాలు కాగిన పాలలో ఇది బతకదు. పాశ్చరైజేషన్‌లో 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు, లేదా 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు సరిపోతుంది కాబట్టి పొంగించిన పాల గురించి భయం అక్కర్లేదు. కాచిన పాలతో తోడేసిన పెరుగు, చిలికిన మజ్జిగ, నెయ్యి సమస్య కాదు. పచ్చిపాలను తోడుపెట్టినా, ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా మాత్రం సూక్ష్మజీవి చావదు. పితికిన నురగపాలు, ఆరోగ్యానికి మంచిదని పిల్లలకు పట్టే పచ్చి మేకపాలు రెండూ మానండి.

జున్ను విషయంలో ఒక మాట. ముర్రుపాలలో రోగపు బరువు ఎక్కువ. ఆవిరిపై ఉడికించి, నడిమధ్య కూడా గట్టిగా గడ్డకట్టి పుల్ల గుచ్చితే శుభ్రంగా వచ్చేదాకా ఉంచితే భయం లేదు. అంచులు గట్టిపడి మధ్యలో జారుగా ఉన్న జున్ను తినొద్దు. పచ్చి ముర్రుపాలు కలిపిన గిన్నెను, గరిటెను వేడినీటితో కడగండి.

మాంసం ఉడికితే చాలు. కోసే చేతులకే ముప్పు, ముఖ్యంగా పొదుగు, గర్భసంచి, ప్లీహం, వృషణాలు తీసేటప్పుడు.

గొర్రెల మంద పొలంలో కట్టించుకుంటాం. ఆ మంద వల్ల రోగం వస్తుందా?

వరి కోతల తర్వాత మంద కట్టిస్తే గత్తం ఖర్చు తప్పుతుంది కాబట్టి ఎవరూ మానరు, మానమనడమూ లేదు. చూడాల్సింది ఒక్కటే: ఆ రాత్రుళ్లలో మందలో గొర్రెలు ఈనాయా, ఈసుకుపోయాయా. కాపరిని నేరుగా అడగండి. అలాంటిది జరిగితే ఆ కయ్యలో మాయ ముక్కలు ఏరి పూడ్చి, ఎండ బాగా తగిలే వరకు మీ పశువులను అందులోకి తోలొద్దు. దున్నేస్తే ఇంకా మంచిది.

గొర్రెల కాపరులకు ఈ రోగం ఎక్కువగా అంటడానికి కారణం ఈత సమయం. ఒకే రాత్రి పది గొర్రెలు ఈనుతాయి. చీకట్లో, చలిలో పిల్లను ఎత్తి మూతి తుడిచి, కొన్నిసార్లు ముక్కులోకి నోటితో ఊది బతికిస్తారు. పిల్లను బతికించే ఆ ఊపిరే కాపరికి జ్వరం తెస్తుంది. నోటితో ఊదకుండా, గడ్డిపరకతో ముక్కులో కదిపి తుమ్మించాలి. వెనక కాళ్లు పట్టుకుని తల కిందికి వేలాడదీసి శ్లేష్మం కార్చాలి.

మందలు ఏటా ఇంచుమించు ఒకే బాటన పోతాయి. ఒక బాట మీది మూడు నాలుగు ఊళ్లలో ఒకే కాలంలో జ్వరాలు, ఈసుకుపోవడాలు కనిపిస్తే ఆ బాటను గుర్తుపెట్టుకోండి.

సంతలో పశువును కొనేముందు, కొన్నాక ఏం చేయాలి?

చెవి బిళ్ళ మీద 12 అంకెల సంఖ్య ఉందా చూడండి. టీకా వేసినట్టు నమోదై ఉంటే పశుసంవర్ధక సహాయకుడు ఫోనులో చూసి చెప్పగలడు. బిళ్ళ కోసేసిన రంధ్రం మాత్రమే ఉంటే ఆ బేరం వదలడం తెలివైన పని. ఎన్నో ఈత, కిందటి ఈతలో మాయ పడిందా, దూడ ఏదీ అని అడగండి. పాలిచ్చే గేదె పక్కన దూడ లేకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి, ఇదీ అందులో ఒకటి.

ఇంటికి తెచ్చాక 30 రోజులు వేరుగా కట్టండి. మొదటి రోజు ఒకసారి, నెల చివర మరోసారి రక్తపరీక్ష. రెండుసార్లు ఎందుకంటే కొత్తగా సోకిన పశువులో ప్రతిరక్షకాలు తేలడానికి వారాలు పడుతుంది. చూడి పశువు అయితే రెండూ నెగెటివ్ వచ్చినా ఈనిన 2, 3 వారాలకు మూడోసారి చేయించండి. కొన్ని పశువుల్లో, ముఖ్యంగా రోగం ఉన్న తల్లికి పుట్టిన పడ్డల్లో, రోగం దాక్కుని మొదటి ఈత దాకా పరీక్షకు దొరకదు. అప్పటిదాకా కొన్నదాన్ని మంద మధ్యలో ఈననివ్వొద్దు.

పరీక్షలు ఏమిటి? ఎక్కడ తేడా కొడుతుంది?

రోజ్ బెంగాల్ పరీక్ష చవక, అక్కడికక్కడే తేలుతుంది. తెల్లటి పలక మీద ఒక చుక్క రక్తరసి, ఒక చుక్క గులాబీ రంగు యాంటిజెన్ (పరీక్ష ద్రవం) సమానంగా కలిపి 4 నిమిషాలు ఆడిస్తే గింజలు కట్టడం పాజిటివ్. గొర్రె, మేకలకు రక్తరసి మూడు పాళ్లు, యాంటిజెన్ ఒక పాలు తీసుకుంటేనే రోగం సరిగా దొరుకుతుంది, ఆవుల లెక్కనే వాడితే కొన్ని తప్పిపోతాయి. యాంటిజెన్ ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వాడితే ఫలితం మందగిస్తుంది, గది వేడికి రానివ్వాలి. పాజిటివ్‌లను ల్యాబ్‌లో చేసే ఎలైజా అనే మరో రక్తపరీక్షతో రూఢి చేసుకోవాలి.

పాల కేంద్రం స్థాయిలో మిల్క్ రింగ్ పరీక్ష పనికొస్తుంది. పాలలో రంగు యాంటిజెన్ చుక్క వేసి 37 డిగ్రీల దగ్గర గంట ఉంచితే, రోగం ఉంటే పైన తేలిన మీగడ రంగు వలయంగా మారుతుంది. అది ఏ పశువుదో చెప్పదు, ఏ పాల డబ్బా వెనక వెతకాలో చెబుతుంది. పొదుగువాపు పాలు, ముర్రుపాలు, పాలు ఎండిపోయే దశ పాలు తప్పుడు వలయం చూపిస్తాయి. మేకపాలకు ఈ పరీక్ష నమ్మదగింది కాదు.

ఈసుకుపోయిన రోజునే చేసిన రక్తపరీక్ష నెగెటివ్ వస్తే 2, 3 వారాలకు మళ్లీ చేయించాలి. ఆ ఒక్క నెగెటివ్ చూసి నిమ్మళించిన శాలల్లోనే రోగం పాతుకుపోతుంది.

టీకా ఎప్పుడు, దేనికి, ఎన్నిసార్లు?

4 నుంచి 8 నెలల వయసున్న ఆవు పెయ్యలకు, గేదె పెయ్యలకు ఒక్కసారి. జీవితానికి అంతే. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో గాలికుంటుతో పాటు దీన్నీ ఉచితంగా వేస్తున్నారు. వాడేది ఎస్-19 అనే బతికున్న, బలం తగ్గించిన సూక్ష్మజీవి. మగ దూడలకు వేస్తే వృషణాలు చెడతాయి, చూడి పశువుకు వేస్తే ఈసుకుపోవచ్చు. వయసు దాటిన పెయ్యకు వేస్తే ప్రతిరక్షకాలు ఏళ్ల తరబడి మిగిలి, రక్తపరీక్షలో రోగమో టీకానో తేలదు. సరైన వయసులో వేసినవాటికి కూడా ఏడాదిన్నర వయసులోపు చేసిన పరీక్షను జాగ్రత్తగా చదవాలి.

బతికున్న టీకా కాబట్టి 2 నుంచి 8 డిగ్రీల చలువ తప్పితే అది నీళ్లతో సమానం. ఎండలో బండి మీద తిప్పిన సీసా, పొద్దున కలిపి సాయంత్రం వాడిన మందు దూడకు గుచ్చినా ఫలితం ఉండదు. టీకా వేసే మనిషి చేతిలో ఐస్ పెట్టె ఉందో లేదో చూడటం రైతు హక్కు. మేకలు, గొర్రెలకు ఈ కార్యక్రమంలో టీకా లేదు.

టీకా సూది మనిషికి గుచ్చుకుంటే?

నెత్తురు పిండకుండా సబ్బునీటితో బాగా కడిగి, అదే రోజు డాక్టర్‌ను కలవాలి. కంటిలో పడితే 15 నిమిషాలు నీటి ధార. ఎస్-19 అని పేరు చెప్పండి. డాక్టర్ సాధారణంగా 3 వారాల పాటు నివారణ మందులు ఇస్తారు.

మనిషికి వస్తే ఎలా ఉంటుంది?

సోకిన 2 నుంచి 4 వారాలకు మొదలవుతుంది, కొందరికి నెలలు పడుతుంది. సాయంత్రం ఎక్కి తెల్లారేసరికి చెమటలతో దిగే జ్వరం, నడుం నొప్పి, తుంటి కీలు నొప్పి, అలసట, ఆకలి లేకపోవడం. మగవాళ్లలో వృషణం వాపు. వారం జ్వరం, వారం నిమ్మళం, మళ్లీ జ్వరం. మన దగ్గర ముందు టైఫాయిడ్ అంటారు, తర్వాత మలేరియా, నడుం నొప్పి ముదిరాక వెన్నుపూస టీబీ. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ ఈ సూక్ష్మజీవి మీద కూడా కొంత పనిచేస్తుంది. కొన్నాళ్లు తగ్గినట్టే ఉండి తిరగబెడుతుంది, అసలు పేరు ఏళ్ల తరబడి బయటపడదు. గుండె కవాటాలకు పాకితే ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణికి గర్భస్రావం కావచ్చు.

రెండు వారాలు దాటిన జ్వరానికి ఆసుపత్రికి వెళితే డాక్టర్‌కు ఈ ముక్క చెప్పండి: ‘మా శాలలో ఫలానా నెలలో పశువు ఈసుకుపోయింది, మాయ నేనే ఎత్తాను.’ పరీక్షల చీటీలో బ్రూసెల్లా రాయడానికి ఆ ఒక్క వాక్యం చాలు. రక్తం కల్చర్‌కు పంపితే ల్యాబ్‌కు కూడా ముందే చెప్పాలి. కల్చర్ పలక వాసన చూసిన టెక్నీషియన్‌లకు ఇది అంటిన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి.

చికిత్స ఎన్నాళ్లు?

పెద్దవాళ్లకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు 2 సార్లు 6 వారాలు. దానికి జతగా రిఫాంపిసిన్ 6 వారాలు, లేదా స్ట్రెప్టోమైసిన్ సూదులు 2, 3 వారాలు. ఒక్క మందుతో సరిపెడితే తిరగబెడుతుంది. 8 ఏళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు మందులు వేరు, వెన్నుకో గుండెకో పాకితే ఇంకా ఎక్కువ కాలం. ఇవన్నీ డాక్టర్ నిర్ణయించాల్సినవి, మందుల షాపులో అడిగి కొనేవి కావు.

జ్వరం మొదటి వారంలోనే దిగిపోతుంది. అక్కడే మానేస్తారు. సూక్ష్మజీవి మన కణాల లోపలే దాక్కుంటుంది కాబట్టి ఆ 6 వారాలు. రిఫాంపిసిన్ వేసుకున్నాక మూత్రం నారింజ రంగులో వస్తే కంగారు పడి ఆపొద్దు, మందు రంగే అది. డాక్సీసైక్లిన్ పెద్ద గ్లాసు నీటితో వేసుకుని అరగంట పడుకోకుండా ఉండాలి, లేకపోతే గొంతు కింద మంట పుడుతుంది.

మనిషి నుంచి మనిషికి?

దాదాపు అంటదు. రోగి కంచం, పక్క వేరు చేయక్కర్లేదు.

పాజిటివ్ వచ్చిన పశువును మందులతో బాగు చేయొచ్చా? అమ్మేయొచ్చా?

మందులతో ప్రయత్నించడం దండగ. రోగం పూర్తిగా పోదు, పాలలో మందు అవశేషాలు మిగులుతాయి. 1989 నాటికి ఆస్ట్రేలియా తన పశువుల్లో దీన్ని రూపుమాపింది పరీక్షించి, పాజిటివ్‌లను వధించి, పశువుల రాకపోకలను కట్టడి చేసే. మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం గోవధ నిషేధం, అందుకే ఇక్కడ భారమంతా టీకా మీద, వేరుచేయడం మీద పడింది.

సంతలో అమ్మితే మీ శాల సమస్య మరో శాలకు పోతుంది, అంతే. 2009 కేంద్ర చట్టంలో ఇది తెలపాల్సిన వ్యాధుల జాబితాలో ఉంది, పశువైద్యుడికి చెప్పడం యజమాని బాధ్యత. ఆచరణలో చేయగలిగింది ఏమిటంటే: పాజిటివ్‌ను శాశ్వతంగా వేరే చోట కట్టడం, మళ్లీ చూలు కట్టించకపోవడం (ఈత లేకపోతే మాయ లేదు, రోగం బయటపడే పెద్ద దారి మూసుకుంటుంది), పాలు కాచే వాడటం, మిగతా మందకు నెల, రెండు నెలల ఎడంతో వరుసగా నెగెటివ్ వచ్చేదాకా పరీక్షలు. పాలిచ్చే గేదెను ఎండగట్టి కట్టేసుకోమనడం రెండు పశువుల మీద బతికే ఇంటికి ఎంత బరువో తెలుసు. దానికి తగ్గ పరిహారం ఉన్ననాడే రైతులు దాచకుండా చెబుతారన్నది మా అభిప్రాయం.

కృత్రిమ గర్భధారణ వల్ల వస్తుందా?

పరీక్షించిన ఆంబోతుల వీర్యం అయితే రాదు, ఘనీకృత వీర్య కేంద్రాల్లో ఆంబోతులను దీనికోసం క్రమంగా పరీక్షిస్తారు. ఊళ్లో తిరిగే దున్న దాటితే కొంత ముప్పు, కానీ అందరూ అనుకునేంత కాదు. మాయతో పోలిస్తే అది చిన్న దారి. ఒక శాల నుంచి మరో శాలకు తొడుగు మార్చకుండా వెళ్లే చెయ్యి దానికంటే ప్రమాదం.

మా ఊరి లెక్క మేమే రాసుకోవచ్చా? ఏం రాయాలి?

రాసుకోవచ్చు, ఒక నోటుపుస్తకం చాలు. ఈసుకుపోయిన ప్రతి పశువుకూ ఒక వరుస: తేదీ, చెవి బిళ్ళ సంఖ్య, ఎన్నో నెల చూలు, ఎన్నో ఈత, మాయ పడిందా, ఇంట్లో పుట్టిందా కొన్నదా, కొంటే ఏ సంత, ఎప్పుడు, ఆ శాలలో మేకలు గొర్రెలు ఉన్నాయా, ఏ చెరువు, మంద కట్టించారా, ఆ ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు దాటిన జ్వరం వచ్చిందా. గేదెలు ఎక్కువగా వానాకాలం, చలికాలం ఈనుతాయి కాబట్టి ఏడాది పొడుగునా రాస్తేనే రూపం కనిపిస్తుంది.

అలా రాసిన పుస్తకంలో వరుసలన్నీ ఒకే ఇంటివైతే శాల శుభ్రత దగ్గర వెతకాలి. వేర్వేరు వీధులవై, కొన్న చోటు ఒక్కటే అయితే ఆ బేరగాడి దగ్గర మిగతా పశువులు ఎవరు కొన్నారో తెలుసుకుని వాళ్లకు కబురు చేయాలి. ఒకే చెరువు వాడే ఇళ్లయితే, చెరువులో మాయలు పారేస్తున్నదెవరో చూడాలి. మేకలున్న ఇళ్లే అయితే పశువైద్యుడికి ఆ మాట ప్రత్యేకంగా చెప్పండి, పరీక్ష మేకలతో మొదలుపెడతారు. పుస్తకాన్ని రైతు సేవా కేంద్రంలో చూపించండి. పశువు ఈనలేక ఇబ్బందిపడుతుంటే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి, చెయ్యి పెట్టేవాళ్ల కోసం వెతకొద్దు.